నగర వరదల మ్యాపులు: ఉపగ్రహానికి కనిపించేదెంత, కనిపించనిదెంత?

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. విజయవాడలోని సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, వాటి చుట్టుపక్కల కాలనీలు బుడమేరు నీటిలో చిక్కుకున్నాయి. ఎగువన బుడమేరు డైవర్షన్ చానల్ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఆర్మీ సాయంతో వాటిని పూడ్చడం సెప్టెంబర్ 7కు గానీ పూర్తి కాలేదు. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం సాయం ప్రకటించింది. వరద ప్రాంతంలో గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండే కుటుంబానికి రూ. 25,000, పై అంతస్తుల్లో ఉండేవారికి రూ. 10,000.

ఇలాంటి లెక్క ఏ నగరంలో వేయాలన్నా మూడు సంగతులు తెలియాలి. నీళ్లు ఏ వీధి దాకా వచ్చాయి? ఎంత లోతున నిలిచాయి? ఎన్ని రోజులున్నాయి? విజయవాడలో సిబ్బంది ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకున్నారు. అప్పుడు చాలామందికి వచ్చిన సందేహం ఒకటుంది. ఆకాశంలో అన్ని ఉపగ్రహాలు తిరుగుతున్నాయి కదా, ముంపు ఎక్కడిదాకా వచ్చిందో అవే తేల్చేయలేవా?

పొలాలు మునిగితే చాలావరకు తేల్చగలవు. ఊరు మునిగితే కష్టం. ఆ తేడా ఎందుకొస్తుందో తెలిస్తేనే టీవీ తెర మీద కనిపించే నీలం రంగు మ్యాపును సరిగ్గా చదవగలం.

మబ్బుల్లోంచి చూసే రాడార్

ఉపగ్రహ చిత్రం అనగానే మనకు గుర్తొచ్చేది ఫొటో. వరద రోజున ఆ ఫొటోతో పెద్దగా ఉపయోగం ఉండదు, ఎందుకంటే నగరం మీద మబ్బులు కమ్మి ఉంటాయి. రాత్రయితే ఆ కాస్త వెలుతురూ ఉండదు. అందుకే వరద మ్యాపులకు ప్రధాన ఆధారం రాడార్. ఉపగ్రహం తనే మైక్రోవేవ్ తరంగాలను కిందికి పంపి, నేలను తాకి తిరిగొచ్చే భాగాన్ని కొలుస్తుంది. మబ్బులు, చీకటి దానికి అడ్డు కావు.

రాడార్ నిట్టనిలువుగా కిందికి చూడదు, పక్కకు వాలుగా చూస్తుంది. గరుకుగా ఉండే నేల, పంట, చెట్లు తరంగాలను అన్ని దిక్కులకూ చెదరగొడతాయి, అందులో కొంత ఉపగ్రహం వైపు తిరిగొస్తుంది. నిలిచిన నీరు అద్దంలా నున్నగా ఉంటుంది. దాని మీద పడిన తరంగం అవతలి వైపు జారిపోతుంది, వెనక్కి దాదాపు ఏమీ రాదు. కాబట్టి చిత్రంలో నీరు నల్లగా కనిపిస్తుంది. వరదకు ముందటి చిత్రాన్ని వరద నాటి చిత్రంతో పోల్చి, కొత్తగా నల్లబడిన చోటును గుర్తిస్తే ముంపు మ్యాపు తయారవుతుంది. సూత్రం ఇంతే. ఏ స్థాయి కంటే నల్లగా ఉంటే నీరనుకోవాలన్న హద్దును కంప్యూటరే గణాంక పద్ధతులతో ఎంచుకుంటుంది. గాలికి నీటి మీద అలలు లేస్తే ఉపరితలం గరుకై ఆ లెక్క కొంచెం తప్పుతుంది.

2022లో పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రం మునిగినప్పుడు ఈ పద్ధతి బాగా పనిచేసింది. సింధు నది పొంగి పదుల కిలోమీటర్ల వెడల్పున పొలాల మీద చెరువులా నిలిచింది. ఆగస్టు 30న యూరప్ ఉపగ్రహం సెంటినెల్-1 తీసిన రాడార్ చిత్రంలో అది స్పష్టంగా కనిపించింది. నేల చదునుగా ఉంది, నీరు వారాల తరబడి కదల్లేదు, అడ్డంగా కట్టడాలు లేవు. మన దగ్గర బ్రహ్మపుత్ర లోయ, ఉత్తర బిహార్ కూడా ఇలాంటివే. హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్, అంటే ఎన్ఆర్ఎస్సీ, 1998 నుంచి 2022 వరకు తీసిన ఉపగ్రహ చిత్రాల ఆధారంగా దేశ వరద ముంపు అట్లాస్‌ను 2023లో విడుదల చేసింది. అది ప్రధానంగా ఇలాంటి విశాలమైన నదీ వరదల చరిత్ర.

వీధుల్లోకి వచ్చేసరికి చిక్కు

నగరంలో రాడార్‌కు ఎదురయ్యే మొదటి చిక్కు గోడ. వాలుగా వచ్చిన తరంగం ముందు రోడ్డును తాకి, అక్కడి నుంచి గోడను తాకి, నేరుగా ఉపగ్రహానికి తిరిగి వెళ్తుంది. క్యారమ్స్‌లో స్ట్రైకర్ రెండు అంచులకు తగిలి వెనక్కి వచ్చినట్టు. దీంతో కట్టడాలున్న చోటు మామూలు రోజుల్లోనే మెరిసిపోతూ కనిపిస్తుంది. రోడ్డు మీదికి నీళ్లొస్తే ఆ అద్దం ఇంకా నున్నబడుతుంది. గోడ ఉపగ్రహానికి ఎదురుగా ఉంటే మెరుపు తగ్గడానికి బదులు పెరగొచ్చు కూడా. నలుపు కోసం వెతికే పద్ధతికి ఆ వీధి పొడిగా ఉన్నట్టే లెక్క.

రెండోది నీడ. అయిదంతస్తుల అపార్ట్‌మెంటు వెనక ఉన్న సందు రాడార్‌కు కనిపించదు. అక్కడ ఎప్పుడూ నలుపే. ఆ ఎదురుగా ఉన్న వైపు కట్టడం పైభాగం రోడ్డు మీదికి వాలిపోయినట్టు పడుతుంది. ఎత్తయిన ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్న కాలనీలో ఈ నీడ, ఈ వాలు కలిసి వీధుల్లో చాలా భాగాన్ని మింగేస్తాయి. మూడోది తారు రోడ్డు. నున్నటి తారు, ఖాళీ పార్కింగ్ స్థలం, రన్‌వే నీళ్లు లేకపోయినా నల్లగానే ఉంటాయి. ఒకపక్క ఉన్న నీరు కనిపించదు, ఇంకోపక్క లేని నీరు కనిపిస్తుంది.

దీనికి పరిశోధకులు కనిపెట్టిన ఒక దారి ఉంది. రాడార్ తిరిగొచ్చిన తరంగం బలాన్నే కాదు, అది తన ఆవృత్తిలో ఏ దశలో ఉందో కూడా నమోదు చేస్తుంది. కట్టడాలు కదలవు కాబట్టి 12 రోజుల తేడాతో తీసిన రెండు చిత్రాల్లో ఒకే ఇంటి దశల సరళి దాదాపు ఒకేలా ఉంటుంది. ఈ పోలికను కొహెరెన్స్ అంటారు. వీధిలో నీళ్లు చేరితే పోలిక చెడుతుంది. వరదకు ముందటి రెండు చిత్రాల మధ్య పోలిక ఎక్కువగా ఉండి, ముందటి చిత్రానికీ వరద నాటి చిత్రానికీ మధ్య అది ఒక్కసారిగా పడిపోతే, అక్కడ నీరు చేరిందని అనుమానించవచ్చు. అనుమానమే, రుజువు కాదు. కొత్తగా కట్టడం లేచినా, కూలినా, చెట్లు ఎక్కువున్నా పోలిక పడిపోతుంది.

పరిమాణం సంగతీ చూడాలి. సెంటినెల్-1 ఉచిత చిత్రాల్లో విడిగా గుర్తుపట్టగలిగే కనీస కొలత సుమారు 20 మీటర్లు. పొడవు, వెడల్పు అంతే అనుకుంటే అది దాదాపు 480 గజాలు. పాత కాలనీల్లో అందులో నాలుగైదు ఇళ్లు, మధ్యలో ఒక సందు పడతాయి. ఆ గడి మొత్తానికి ఒకే సమాధానం వస్తుంది: తడి లేదా పొడి.

నీళ్లు ఉపగ్రహం కోసం ఆగవు

సెంటినెల్-1 జంటలో మొదటిది 2014లో, రెండోది 2016లో వెళ్లాయి. ఒక్కో ఉపగ్రహం ఒకే దారిలో అదే చోటుకు మళ్లీ రావడానికి 12 రోజులు పడుతుంది. 2021 డిసెంబర్‌లో రెండోది పాడైంది. దాని స్థానంలో 1సీ వెళ్లింది 2024 డిసెంబర్‌లో. అంటే విజయవాడ మునిగిన సమయంలో ఆ జంటలో ఒక్కటే పనిచేస్తోంది. భారత్‌కు సొంతంగా 2022 ఫిబ్రవరిలో పంపిన రాడార్ ఉపగ్రహం ఈఓఎస్-04 ఉంది. పెద్ద విపత్తుల్లో వివిధ దేశాల అంతరిక్ష సంస్థలు తమ చిత్రాలను పంచుకునే అంతర్జాతీయ ఒప్పందం కూడా ఉంది, ఇస్రో అందులో 2001లోనే చేరింది. అయినా ఏ ఉపగ్రహం ఎప్పుడు ఏ ఊరి మీదుగా వెళ్తుందన్నది కక్ష్య నిర్ణయించేదే. ఈఓఎస్-04, సెంటినెల్-1 రెండూ ఉదయం ఆరు, సాయంత్రం ఆరు ప్రాంతాల్లో దాటే కక్ష్యల్లోనే ఉన్నాయి.

నగర వరద వేరే గడియారం మీద నడుస్తుంది. 2005 జులై 26న ముంబయిలోని శాంతాక్రూజ్‌లో 24 గంటల్లో 944 మిల్లీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబర్ 13న హైదరాబాద్ శివారు ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు కురిసింది. అలాంటి రాత్రి అండర్‌పాస్‌లో తలెత్తు నీళ్లు నిలిచి తెల్లారేసరికి దిగిపోవచ్చు. మనుషుల ప్రాణాలు పోయేది ఆ మధ్య గంటల్లోనే. ఉపగ్రహం మరుసటి సాయంత్రం వస్తే దానికి కనిపించేది బురద. చెరువు కట్ట తెగి లోతట్టు కాలనీలో రోజుల తరబడి నిలిచిన నీరు మాత్రం చిక్కుతుంది. సింగ్‌నగర్ ముంపు ఈ రెండో రకం.

లోతు లెక్క ఎక్కడ తప్పుతుంది?

ముంపు అంచు తెలిస్తే లోతు కనుక్కోవడం కాగితం మీద సులువే. అంచు దగ్గర నేల ఎంత ఎత్తులో ఉందో నీటిమట్టం అంతే. ఆ మట్టంలోంచి లోపలి నేల ఎత్తును తీసేస్తే లోతు వస్తుంది. కాబట్టి అసలు ప్రశ్న నేల ఎత్తు మనకు ఎంత కచ్చితంగా తెలుసు అన్నది.

ఉచితంగా దొరికే ఎత్తుల పటాల్లో ఎక్కువగా వాడేది 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక 11 రోజుల్లో రాడార్‌తో కొలిచినది. ఆ తర్వాత జర్మన్ ఉపగ్రహాల జంట కొలతలతో తయారైన కోపర్నికస్ పటం వచ్చింది. మన కార్టోశాట్-1 చిత్రాల నుంచి కార్టోడెమ్ తయారైంది. ఉచితంగా దొరికే రూపంలో ఈ మూడింటి గడీ సుమారు 30 మీటర్లది. ఒక గడి అంటే 1,076 గజాలు, వంద గజాల ప్లాట్లు పది. ఎత్తులో పొరపాటు కొన్ని మీటర్ల దాకా ఉండొచ్చు. పైగా ఇవి నగరంలో నేలను కాకుండా మేడల కప్పులను, చెట్ల తలలను కలిపి కొలుస్తాయి. ఇళ్లను, చెట్లను లెక్కలతో తొలగించిన సవరణ పటాలు వచ్చాయి గానీ, అవి కూడా అంచనాలే. 2000 తర్వాత మెరక చేసిన లేఅవుట్లు, ఎత్తు పెంచిన రోడ్లు పాత పటంలో ఉండవు.

సింగ్‌నగర్ లాంటి చోట నడుము లోతు అంటే సుమారు ఒక మీటరు. ఒక మీటరు లోతును కొన్ని మీటర్ల పొరపాటున్న పటంతో కొలవడమంటే, బియ్యం తూచే కాటాతో బంగారం తూచడమే. ఈ ఇంటి గ్రౌండ్ ఫ్లోర్ మునిగిందా, మెట్ల దాకానే వచ్చి ఆగిందా అన్నది ఈ పటాలు చెప్పలేవు. విమానం నుంచి లేజర్‌తో కొలిచే లైడార్ సర్వే పది, పదిహేను సెంటీమీటర్ల తేడాతో ఎత్తులు ఇవ్వగలదు. ఖర్చు ఎక్కువే. కానీ నగరం వరద మ్యాపు మీద పెట్టగలిగిన ఖర్చుల్లో అన్నిటికంటే ముందు పెట్టాల్సింది అదేనని చెప్పవచ్చు.

నీటి దారిని లెక్కగట్టే మోడళ్లు

ఉపగ్రహం జరిగినదాన్ని చూపిస్తుంది. జరగబోయేది చెప్పాలంటే మోడల్ కావాలి. వాన ఎంత పడుతుంది, అందులో నేల తాగేదెంత, మిగిలింది ఏ వీధి వాలున పారుతుంది, నాలాలో ఎంత పడుతుంది, అవతల నదిలోకి దిగుతుందా లేదా అన్నది లెక్కించే కంప్యూటర్ ప్రోగ్రామ్ అది. లోతు తక్కువైన నీటి ప్రవాహానికి ఫ్రెంచ్ ఇంజినీర్ సెయింట్-వెనాంట్ 1871లో రాసిన సమీకరణాలే వీటికి పునాది. అమెరికా పర్యావరణ సంస్థ 1971లో మొదలుపెట్టిన స్విమ్, అదే దేశపు ఆర్మీ ఇంజినీర్లు తయారుచేసిన హెక్-రాస్ ఉచితంగా దొరుకుతాయి. మొదటిది డ్రెయినేజీ పైపుల లెక్కకు, రెండోది నది, మైదానంలో నీటి వ్యాప్తికి ఎక్కువగా వాడతారు.

ఒక చిన్న లెక్కతో సమస్య పరిమాణం తెలుస్తుంది. చదరపు కిలోమీటరు కాలనీలో గంటలో 5 సెంటీమీటర్ల వాన పడితే, అది 5 కోట్ల లీటర్లు. పది వేల లీటర్ల ట్యాంకర్లయితే 5,000. ఒకప్పుడు తోటలు, చెరువులు దాన్ని పట్టుకునేవి. ఇప్పుడు సిమెంటు మీద పడ్డ నీరు దాదాపు అంతా అప్పటికప్పుడే కాలువ వెతుక్కుంటుంది. ఏ భాగం సిమెంటు, ఏది మట్టి అన్నది మోడల్‌కు చెప్పేది మళ్లీ ఉపగ్రహమే. దశాబ్దాల నాటి చిత్రాలున్నాయి కాబట్టి ఏ చెరువు ఎప్పుడు కాలనీ అయిందో కూడా అది చూపిస్తుంది. ఈ పని అది వరద రోజు చేసే పనికంటే బాగా చేస్తుంది.

కాలువ అడుగు ఎంత లోతుంది, కల్వర్టు వెడల్పెంత, పైపు ఎటు వాలుతుంది అన్నది ఏ ఉపగ్రహమూ చెప్పదు. మనిషి మ్యాన్‌హోల్ మూత తెరిచి కొలవాల్సిందే. మోడల్‌లో మూడు మీటర్ల నాలా అని రాసి, బయట అందులో సగం ప్లాస్టిక్, పూడిక ఉంటే లెక్క తప్పు కాదు, లెక్కకు ఇచ్చిన నగరం తప్పు.

విజయవాడ ఇక్కడ మరో పాఠం చెబుతుంది. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు. నగరానికి ముప్పు తగ్గించడానికి వెలగలేరు దగ్గర దాని నీటిని డైవర్షన్ చానల్ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలోకి మళ్లించే ఏర్పాటు చేశారు. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు చానల్ నీరు అందులోకి సరిగ్గా దిగదు, వెనక్కి తంతుంది. 2024 సెప్టెంబర్ 2న బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం నమోదైంది. వాగును ఒక్కదాన్నే లెక్కగట్టే మోడల్‌కు, వాగు పొంగిన రోజే నదీ పొంగడమన్న సంగతి తెలియదు. కట్ట నిలబడుతుందని నమ్మే మోడల్‌కు గండి తెలియదు. గండి పడితే ఎటు, ఎంతసేపట్లో నీళ్లొస్తాయన్నది విడిగా, ముందుగా నడిపి చూసుకోవాల్సిన లెక్క.

సముద్రం ఒడ్డున ఉన్న నగరాల్లో నది స్థానంలో ఆటుపోట్లు ఉంటాయి. 2015 డిసెంబర్‌లో అడయార్ పొంగి చెన్నై మునిగిన తర్వాత, అక్కడ సీ-ఫ్లోస్ అనే తీర నగర వరద హెచ్చరిక వ్యవస్థను రూపొందించారు. 2020 జూన్‌లో ముంబయిలో ఐఫ్లోస్ మొదలైంది. వాన అంచనా, 165 వర్షమాపక కేంద్రాల సమాచారం, మిఠీ తదితర నదుల లోతు కొలతలు, అలల మట్టం, నేల ఎత్తులు అన్నీ కలిపి ఏ వార్డులో నీళ్లు నిలవొచ్చో మూడు రోజుల ముందు నుంచి అంచనా వేయడం దాని ఉద్దేశం. ఆ జాబితాలో ఎక్కువ భాగం నేల మీద, నీటిలో దిగి కొలిచినవే.

ఖాళీగా ఉన్న చోటు పొడిగా ఉన్నట్టేనా?

మోడల్ సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? పాత వరదను దానితో మళ్లీ నడిపిస్తారు. అది చూపిన ముంపును ఉపగ్రహ ముంపు మ్యాపు మీద పెట్టి, రెండూ ఎంత మేర కలిశాయో చూస్తారు. పొలాల్లో ఇది మంచి పరీక్షే. ఊళ్లో తిరకాసు ఉంది. రాడార్ వీధుల్లోని నీటిని వదిలేసి ఉంటే, అదే వీధుల్ని సరిగ్గా మునిగినట్టు చూపిన మోడల్‌కు మార్కులు తగ్గుతాయి. ఇంజినీర్ మోడల్‌ను "సరిదిద్దుతాడు". ఫలితంగా మోడల్ కూడా ఉపగ్రహానికి కనిపించనిదాన్ని చూడడం మానేస్తుంది.

ఇది పరిశోధకుల గదిలో ఆగిపోయే సమస్య కాదు. ముంపు మ్యాపు బయటికొచ్చాక దాని మీద ఇళ్ల అనుమతులు, బీమా, కాలువల బడ్జెట్, సాయం జాబితాలు ఆధారపడతాయి. నీలం రంగు లేని వీధి పొడిగా ఉందని కాదు అర్థం. ఆ ఉపగ్రహం, ఆ గంటకు, ఆ కొలతలో అక్కడ నీటిని గుర్తించలేదని మాత్రమే. నగర మ్యాపుల్లో అసలు చూడలేకపోయిన నీడ ప్రాంతాలను వేరే రంగులో చూపించడం సాంకేతికంగా కష్టమేమీ కాదు. కట్టడాల ఎత్తు, ఉపగ్రహం కోణం తెలిస్తే అవి ముందే లెక్కకు అందుతాయి. అయినా జనం చేతికొచ్చే మ్యాపుల్లో అది అరుదు.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నిసార్ కొంత మార్పు తెస్తుంది. నాసా, ఇస్రో కలిసి తయారుచేసిన ఈ ఉపగ్రహంలో రెండు రాడార్లున్నాయి. దాని పొడవాటి తరంగాలు చెట్ల ఆకుల గుండా దిగి కింద నిలిచిన నీటిని పసిగట్టగలవు. 12 రోజుల్లో రెండుసార్లు అదే చోటును చూస్తుంది, సమాచారం ఉచితం. కొల్లేరు చుట్టుపక్కల లాంటి చోట, చెట్లున్న శివార్లలో ఇది ఉపయోగపడుతుంది. అపార్ట్‌మెంట్ నీడ మాత్రం అలాగే ఉంటుంది, గంటల్లో వచ్చి పోయే నీరూ అలాగే తప్పించుకుంటుంది.

ఆ లోటును నింపేది కింద నుంచి వచ్చే సమాచారమే. 2015లో చెన్నై మునుగుతుండగానే స్వచ్ఛంద కార్యకర్తలు, నగరవాసులు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా మునిగిన రోడ్లను ఒక్కొక్కటిగా గుర్తించారు. ఇప్పుడు డ్రోన్లున్నాయి. విజయవాడలో అవి ఆహార పొట్లాలు మోశాయి, మబ్బుల కింద ఎగురుతూ ముంపు అంచును ఫొటో తీయడానికీ పనికొస్తాయి. వీటన్నిటి కంటే చవకైనది గోడ మీద మిగిలే బురద గీత. నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో సెంటీమీటర్ల తేడాతో చెప్పే కొలత అది. టేపుతో కొలిచి, ఫొటో తీసి, ఫోన్‌లో వచ్చే అక్షాంశ రేఖాంశాలతో నమోదు చేస్తే మోడల్‌ను పరీక్షించడానికి ఆ వీధికి అంతకన్నా మంచి ఆధారం దొరకదు. నష్ట గణనకు ఎలాగూ ప్రతి గుమ్మం దగ్గరికీ మనుషులు వెళ్తారు. వాళ్ల ఫారంలో నీటి ఎత్తుకు ఒక గడి పెడితే సరిపోతుంది. ఇల్లు కడిగి సున్నం వేశాక ఆ గీత ఉండదు.